కారు వాడికి ఆరామ్, బండి వాడికి చాలాన్

కారు కొన్నోడు సీట్ల కూసోంగనే చేసే మొదటి పని ఏంది? సీటు ముందుకో వెనక్కో జరుపుకుంటడు. వీపు ఆనేది కొంచెం వాలుస్తడు. స్టీరింగ్‌ను మీదికో కిందికో మార్చుకుంటడు. అద్దం తన కళ్లకు తగ్గట్టు తిప్పుకుంటడు. తర్వాత ఆయన బేగం కూసుంటే అవన్నీ మళ్లీ తనకు తగ్గట్టు మార్చుకుంటది. దీన్ని ఎవ్వరూ 'మాడిఫికేషన్' అనరు. 'ఫీచర్' అంటరు. దానికి కంపెనీ పైసలు గూడ ఎక్కువ వసూల్ చేస్తది.

ఇగ మన బండి సంగతి చూడుండ్రి. ఐదడుగుల మనిషి కొన్నా, ఆరడుగుల మనిషి కొన్నా అదే హ్యాండిల్. పద్దెనిమిదేండ్ల లడ్కా కొన్నా, కమర్ దర్ద్‌తోని మంచం దిగలేని యాభై ఐదేండ్ల చాచా కొన్నా అదే హ్యాండిల్. చేతులు సరిగ్గా అందుతలేవు, భుజాలు గుంజుతున్నయి అని పుత్లీబౌలికి పోయి ఒక్క అంగుళం లేపించుకున్నడనుకో, నలుగురూ జమ అయితరు. సర్వీస్ సెంటరోడు 'వారంటీ పోతది' అంటడు. చౌరస్తాల ట్రాఫిక్ సాబ్ 'ఏం మాడిఫై చేసినవ్?' అని కాయిదాలు అడుగుతడు. దోస్తులు 'ఏంది మియా, ముసలోని బండి లెక్క చేసినవ్' అని మజాక్ చేస్తరు.

నా సవాల్ ఒక్కటే. కారు వాడు చేస్తే ఆరామ్ అయినది, బండి వాడు చేస్తే జుర్మ్ ఎట్ల అయితది?

ఇది షౌక్ ముచ్చట అనుకునేటోళ్లు ఒక్కసారి రోడ్డు మీద నిలబడి చూడాలె. టోలీచౌకి నుంచి గచ్చిబౌలి, గచ్చిబౌలి నుంచి మెహిదీపట్నం, మళ్లీ ఎనుకకు, ఇట్ల దినాంతం తిరిగేటోళ్లు ఎంతమంది! ఖానా డెలివరీ చేసే పోరగాళ్లు, బైక్ ట్యాక్సీ నడిపేటోళ్లు, కొరియర్ పంచేటోళ్లు, మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు, పాల క్యాన్లు కట్టుకొని తిరిగే తాతలు. వీళ్లకు బండి సైర్ సపాటా చేసేది గాదు. బండే దుకాణం, బండే దఫ్తర్, బండే కార్ఖానా. రోజుకు పది పన్నెండు గంటలు దాని మీదనే గుజర్ అయితది. హైటెక్ సిటీల కంప్యూటర్ ముందర కూసునే సాబ్‌కు కుర్సీ ఎత్తు మార్చుకోవడానికి కింద ఒక లివర్ ఉంటది. ఆ సాబ్‌కు బిర్యానీ పట్టుకొచ్చే పోరని కుర్సీకి లివర్ లేదు. తనే ఒకటి పెట్టించుకుంటే మాత్రం గుస్సా చేస్తరు. ఇదెక్కడి ఇన్సాఫ్?

హ్యాండిల్ ఎత్తు ఎందుకంత జరూరీనో సాఫ్‌గ చెప్త. బండి మీద మన ఒళ్లు మూడు చోట్ల ఆనుతది: సీటు మీద, ఫుట్‌రెస్టుల మీద, హ్యాండిల్ మీద. ఈ మూడింటిని కలిపితే ఒక తికోనా వస్తది. ఆ తికోనా మన కొలతకు కుదిరితే బరువంతా పిర్రల మీద, కాళ్ల మీద పడ్తది. చేతులకు హ్యాండిల్ తిప్పే పని మాత్రమే ఉంటది. హ్యాండిల్ మరీ కిందికో మరీ దూరమో ఉంటే మనిషి ముందుకు వంగుతడు. అప్పుడు ఛాతీ బరువు, తల బరువు అన్నీ వచ్చి అరచేతుల మీద కూసుంటయి. మోచేతులు కర్రల లెక్క నిటారుగ అయితయి. మోచెయ్యి కొంచెం వంగి ఉంటే గుంత దెబ్బను అది మింగుతది. నిటారుగ ఉంటే ప్రతి గుంతా సీదా భుజానికి, మెడకు పోతది. మన గల్లీలల్ల గుంతల లెక్క నేను చెప్పాల్సిన పని లేదు.

మనిషి చెయ్యి ఎట్ల తయారైందో డాక్టర్ సాబ్‌లను అడుగుండ్రి. అరచెయ్యి చిటికెన వేలు దిక్కు అడుగున ఒక నరం పోతది. దాని మీద గంటల తరబడి ఒత్తిడి పడితే చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతయి. మణికట్టు నడుమ నుంచి ఇంకో నరం పోతది. మణికట్టు పైకి మడిచి ఎక్స్‌లేటర్ పట్టుకొని దినాంతం నడిపితే బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు జివ్వుమంటయి. సైకిల్ తొక్కేటోళ్లకు మొదటి రకం తకలీఫ్ ఎంత మామూలంటే దానికి 'హ్యాండిల్‌బార్ పాల్సీ' అని డాక్టరీ భాషల పేరే ఉంది. ఇంజన్ వణుకుడు లేని సైకిల్ మీదనే ఇట్ల ఉంటే, దినాంతం వణికే బండి మీద ఏమైతదో సోచాయించుండ్రి. వంగిన ఒంటి మీద తల మాత్రం పైకెత్తి రోడ్డు చూడాలె, నెత్తి మీద కిలోకు అటూ ఇటూ హెల్మెట్. మెడ ఎన్నేండ్లు మోస్తది?

ఇది దర్ద్ ముచ్చటతోని అయిపోదు, జాన్ ముచ్చట గూడ. నలభై కిలోమీటర్ల స్పీడుల బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతది. తిమ్మిరెక్కిన వేళ్లు బ్రేక్ పట్టుకోవడానికి అర సెకను ఆలస్యం చేస్తే బండి ఐదు మీటర్లకు పైనే ముందుకు పోయినట్టు. నడుమల పిల్లగాడో, ఆర్టీసీ బస్సు ఎనుక భాగమో ఉంటే ఆ ఐదు మీటర్ల ఖీమత్ ఏందో చెప్పాల్నా? ఆరామ్‌గ కూసున్నోడు అద్దాలు చూస్తడు, వేళ్లు బ్రేక్ మీద సిద్ధంగ పెట్టుకుంటడు. దర్ద్‌తోని కూసున్నోడు ఇల్లు ఎప్పుడొస్తదా అని చూస్తడు. ఆరామ్ అనేది ఐష్ గాదు భాయీ, హిఫాజత్.

ఇగ ఇవతలి దిక్కు వాదనలకు వద్దాం.

మొదటిది: 'కంపెనీ ఇంజనీర్లకు తెల్వదా? వాళ్లకంటే నీకు ఎక్కువ తెలుసా?' వాళ్ల ఇల్మ్ మీద నాకు షక్ లేదు. కాని వాళ్లు తయారు చేసేది సగటు మనిషి కోసం. సగటు మనిషి కాయిదం మీద ఉంటడు, రోడ్డు మీద ఉండడు. ఆ సగటు మనిషి చెయ్యి నా అంత పొడుగు గాదు, మీ అంత పొట్టిది గాదు. కంపెనీలకు ఈ ముచ్చట బాగ తెలుసు గూడ. సబూత్ కావాల్నా? రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018ల రెండు బండ్లు తెచ్చింది, ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650. రెండిటికీ అదే 648 సీసీ ఇంజన్. ఛాసిస్ గూడ అదే. ఒకదానికి వెడల్పుగ, ఎత్తుగ హ్యాండిల్ పెట్టిండ్రు. ఇంకోదానికి హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు ఎనుకకు జరిపి, ట్యాంకు, సీటు మార్చిండ్రు. ఒకటి నిటారుగ కూసునేటోనికి, ఇంకోటి వంగి నడిపేటోనికి. అంటే ఒకే బండి మీద వేరే వేరే తీరు కూసోవచ్చని కంపెనీయే కబూల్ చేసినట్టు గదా! కంపెనీ మారిస్తే 'మోడల్', అదే పని మేం మారిస్తే 'మాడిఫికేషన్'.

రెండోది జవాన్ పోరగాళ్ల వాదన: 'ఎత్తు హ్యాండిల్ అంకుల్ హ్యాండిల్. బండి అంటే వంగి నడపాలె.' వీళ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. ఫోర్కు గొట్టాలకు సీదా బిగించే ఆ కింది హ్యాండిల్, క్లిప్-ఆన్, రేస్ ట్రాక్ నుంచి వచ్చింది. ట్రాక్ మీద దానికి సబబ్ ఉంది. వంద దాటిన స్పీడుల గాలి ఎదురొచ్చి ఛాతీని ఎనుకకు నెడ్తది. వంగిన మనిషి బరువును ఆ గాలే కొంత మోస్తది, చేతులకు హల్కా అయితది. అబిడ్స్ సిగ్నల్ కాడ, ముప్పై కిలోమీటర్ల స్పీడుల, ఏ గాలి వచ్చి మిమ్మల్ని మోస్తది? అక్కడ మోసేది మీ మణికట్లే. 'కేఫ్ రేసర్' అని ఇప్పుడు ఇన్‌స్టాలల్ల కనబడే ఫ్యాషన్ గూడ అంతే. 1950లు, 60లల్ల లండన్ ఏస్ కేఫ్ అసొంటి హోటళ్ల కాడ జమ అయిన పోరగాళ్లు గంటకు వంద మైళ్ల స్పీడు కొట్టాలని బండ్లను అట్ల మార్చుకున్నరు. వాళ్ల పరుగు కొంచెంసేపటిది. వాళ్లు బిర్యానీ పార్సిల్ పట్టుకొని దినానికి ముప్పై ఇండ్ల మెట్లు ఎక్కలేదు.

మీ షౌక్ మీది, మీ కమర్ మీది. అడ్డం రాను. కాని ఆరామ్‌గ కూసున్నోన్ని కమ్‌జోర్ అని, దర్ద్ భరించేటోన్ని మర్ద్ అని సర్టిఫికెట్లు ఇచ్చే ఆదత్ మానుండ్రి. దర్ద్ భరించుడు మర్దానగీ అయితే మన మొహల్లాల బరువులు మోసే హమాలీలందరికీ తమ్గాలు ఇయ్యాలె.

అదే జబాన్‌తోని అమెరికా సినిమాల లెక్క చేతులు భుజాల మీదికి లేచే హ్యాండిల్ పెట్టేటోళ్లకు గూడ చెప్త. గంటసేపు చేతులు పైకెత్తి పట్టుకుంటే రగతం దిగి తిమ్మిరి మొదలైతది. బండి మీద పట్టు గూడ తగ్గుతది. అది కింది హ్యాండిల్‌కు ఇలాజ్ గాదు, ఇంకో బీమారీ. నేను వకాలత్ చేస్తున్నది ఒకటి రెండు అంగుళాల గురించి. ఫోటో కోసం కాదు, భుజం కోసం.

ఈ బహస్‌ల ఎవ్వరూ అడగని మనుషులు ఇంకొందరున్నరు. మన బహెన్‌లు. మోటార్ సైకిల్ నడపాలనుకునే ఆడవాళ్లకు సీటు ఎత్తు గురించైతే అందరూ సలహా ఇస్తరు. హ్యాండిల్ దూరం గురించి, క్లచ్ లివర్ దూరం గురించి ఎవ్వరూ అడగరు. చిన్న చేతికి లివర్ అందక వేళ్ల కొసలతోని గుంజితే బ్రేక్ మీద తాఖత్ ఎట్ల వస్తది? ఇదే తకలీఫ్ చిన్న చేతులున్న మగోళ్లకు గూడ ఉంటది. వాళ్లు షరమ్‌తోని చెప్పరు.

మూడో వాదన ఖానూన్‌ది. అన్నిటికంటే భారీ వాదన గూడ ఇదే. దీన్ని నేను హల్కాగ తీసుకోను.

1988 మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ల ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు అంటది. 2019 జనవరిల సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసుల ఈ మాటను గట్టిగ చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణల 182ఏ సెక్షన్‌ను మార్చి రాసిండ్రు. ఇజాజత్ లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేకుంటే ఆరు నెలల దాకా ఖైద్, లేకుంటే రెండూ.

చదివితే దిల్ ధడక్‌మంటది గదా! కాని అదే 52వ సెక్షన్ కింద వివరణ గూడ చదవాలె. 'మార్పు' అంటే బండి నిర్మాణంల చేసే మార్పు, దానితోని బండి మూల లక్షణం మారాలె. ఇప్పుడు మీ ఆర్సీ తీసి చూడుండ్రి. ఇంజన్ నంబరు ఉంటది, ఛాసిస్ నంబరు ఉంటది, రంగు, ఇంధనం, సీట్లు, ఖాళీ బండి బరువు ఉంటయి. హ్యాండిల్ ఎత్తు ఎక్కడుంది? ఒక అంగుళం లేపిన హ్యాండిల్‌తోని స్ప్లెండర్ ఇంకో బండి అయితదా? దాని మూల లక్షణం ఏం మారింది? కాలనీ అంతా నిద్రలేపే సైలెన్సర్‌ను, పెద్దమనిషి భుజం కోసం లేపిన హ్యాండిల్‌ను ఒకే తరాజుల తూచుడు ఖానూన్ రాసినోళ్ల నియ్యత్ అని నేను అనుకోను. అది చౌరస్తాల అరనిమిషంల అయ్యే ఫైసలా. ఆ ఫైసలా ఎట్ల పోతదో పోరగానికి తెల్వదు, అందుకే భయపడ్తడు. భయపడి దర్ద్‌ను భరిస్తడు. నా శికాయత్ సాఫ్‌గ లేని ఆ గీత మీద. ఇంత దాకా జాయజ్, ఇది దాటితే నాజాయజ్ అని రాసి ఇయ్యుండ్రి. మేం దాని లోపలే ఉంటం.

అట్లని ఎట్లవడితే అట్ల చేసుకుంటే నడుస్తది అంటలేను. ఎదుటోళ్ల భయంల ఒక సచ్చాయి ఉంది, దాన్ని మనమే మానాలె. హ్యాండిల్ తోని ఆట జాన్ తోని ఆట. గ్యాస్ మంటతోని కాల్చి వంచిన హ్యాండిల్, నడుమల కోసి వెల్డింగ్ పెట్టిన హ్యాండిల్, యాక్సిడెంట్‌ల వంగితే సుత్తెతోని సీదా చేసిన హ్యాండిల్, ఈ మూడూ హరామ్ అనుకోండ్రి. లోపల కమ్‌జోర్ అయిన ఇనుము కంటికి కనబడదు, ఒకనాడు గుంతల ఇరుగుతది.

సరైన తరీఖా ఏంది? మొదలు పైసా ఖర్చు లేని పని చేయాలె. మామూలు పైపు హ్యాండిల్ ఉన్న బండికి క్లాంపు బోల్టులు కొంచెం వదులు చేస్తే హ్యాండిల్ మన దిక్కు రెండు మూడు డిగ్రీలు తిరుగుతది. తర్వాత సీట్ల కూసొని, చేతులు చాపి, లివర్ల మీద వేళ్లు పెట్టి చూడుండ్రి. మోచెయ్యి నుంచి వేళ్ల కొసల దాకా ఒకే గీత రావాలె. మణికట్టు పైకి మడిచినట్టు ఉంటే లివర్ల క్లాంపు వదులు చేసి లివర్లను కిందికి తిప్పాలె. ఎంతోమందికి దీనితోనే సగం తకలీఫ్ పోతది. రైజర్ కొనే జరూరతే ఉండకపోవచ్చు.

దీనితోని గాకుంటే రైజర్. కాని కొలత తెలుసుకొని కొనాలె. మామూలు బండ్ల హ్యాండిల్ పైపు 22 మిల్లీమీటర్లు ఉంటది. కొన్ని పెద్ద బండ్లకు క్లాంపు కాడ 28.6 ఉంటది. ఒకదానిది ఇంకోదానికి పెట్టి రేకు ముక్క దోపి బిగించే ఉస్తాద్ కనబడితే సలామ్ కొట్టి వాపస్ రాండ్రి. రైజర్ పెడితే పాత బోల్టు పొట్టిగైతది. పొడుగు బోల్టు కావాలె, అది గూడ 8.8 అచ్చు ఉన్న గట్టి బోల్టు. కిరాణా దుకాణంల తలుపు గడియకు అమ్మే బోల్టు గాదు.

బిగించినంక అసలు ఇమ్తెహాన్. ఇంజన్ చాలూ చేసి హ్యాండిల్‌ను ఎడమకు పూరా, కుడికి పూరా తిప్పుండ్రి. ఇంజన్ ఆవాజ్ పెరిగితే ఎక్స్‌లేటర్ వైరు గుంజుతున్నట్టు. అట్లనే రోడ్డెక్కితే మలుపుల బండి దానంతట అదే ఉరుకుతది. క్లచ్ వైరు టైట్ అయితదా, స్విచ్చుల వైర్లు నలుగుతున్నయా, చెయ్యి ట్యాంకుకు తాకుతదా చూడుండ్రి. ముందు చక్రం నేల మీదికెంచి లేపి డిస్క్ బ్రేక్ పైపు సాగుతదేమో చూడుండ్రి. పైపు పొట్టిగైతే పొడుగు పైపు ఎయ్యాలె, గాలి పూరా తీసెయ్యాలె, డబ్బా మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే పొయ్యాలె. ఏబీఎస్ ఉన్న బండైతే ఆ పని తెలిసినోని చేతికే ఇయ్యాలె. వంద కిలోమీటర్లు నడిపినంక బోల్టులు ఇంకోసారి చూడాలె. మరీ ఎత్తు లేపొద్దు, బరువు ఎనుకకు పోయి ముందు చక్రం హల్కా అయితది, హైవే మీద గాలి ఛాతీని కొడ్తది.

ఇంత చెప్పినంక నా మాంగ్ ఏందో గూడ చెప్త.

కంపెనీ సాబ్‌లకు: చెప్పుల దుకాణంల ఏడో నంబరు, తొమ్మిదో నంబరు ఉంటయి. లక్ష రూపాయల బండికి ఒక్కటే నంబరు ఎందుకు? షోరూంలనే రెండు మూడు ఎత్తుల హ్యాండిళ్లు పెట్టుండ్రి, దానికి సరిపోయే వైర్లు, పైపులు మీరే ఇయ్యుండ్రి. డెలివరీ తీసుకునే దినం మనిషిని సీట్ల కూసోబెట్టి లివర్లు ఆయన చేతికి సరి చెయ్యుండ్రి. పూలమాల ఏసి ఫోటో దించే వక్త్ ఉంది గదా, దీనికి ఐదు నిమిషాలు లేవా?

సర్కారుకు: నెంబర్ ప్లేట్ ఎంత పొడుగుండాలో రాసినోళ్లకు, హ్యాండిల్ ఎంత దాకా లేపొచ్చో రాసుడు ముష్కిల్ గాదు. ఆ కాయిదం చౌరస్తాల సాబ్‌కు గూడ పంపుండ్రి. భయం పోతే చాటుమాటు పనులు పోతయి, చాటుమాటు పోతే కాల్చి వంచుడు గూడ పోతది.

దినాంతం తిప్పుకునే యాప్ కంపెనీలకు: పోరగానికి మీరు టీ షర్టు ఇస్తరు, సంచి ఇస్తరు, రేటింగ్ ఇస్తరు. ఆయన కూసునే తీరు సరిగ్గుందా అని ఒక్కనాడన్నా అడగరా?

మన ఉస్తాద్‌లకు: మీ చేతుల హునర్ ఉంది. పానా పట్టుకునే ముందు మనిషిని బండి మీద కూసోబెట్టి చూడుండ్రి. దర్జీ కొలత తీసుకోకుండ షేర్వానీ కత్తిరిస్తడా?

ఇగ బండి నడిపే భాయీలకు, బహెన్‌లకు. రేపు పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగి సీట్ల కూసొని కండ్లు మూసుకోండ్రి. చేతులు ఆరామ్‌గ ముందుకు చాపుండ్రి. అవి ఎక్కడ ఆగుతయో చూడుండ్రి. మీ హ్యాండిల్ అక్కడ లేకుంటే కసూర్ మీ చేతులది గాదు.